నేరేడు రంగు

వైరాలో ప్రసూన రోజూ ఉతికి ఆరేసే తన చీరలన్నీ లేతరంగులే. మీగడ, గంధం, మబ్బు రంగులు. పెళ్లయిన కొత్తలో నేరేడుపండు రంగు చీర కట్టుకుని హాల్లోకి వస్తే, భర్త ఉదయ్ భాస్కర్ టీవీ మీంచి చూపు తిప్పి, "నీ ఒంటికి గా రంగేంది? అసలే చామనఛాయ" అన్నాడు. మర్నాడే అత్త పద్మావతమ్మ ఆ చీరను ఎవరికో ఇచ్చేసింది. అప్పట్నుంచీ కోడలి చీరలు ఆవిడే కొంటోంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఆ బాధను ఏ పేరుతో చెప్పుకోవాలో ప్రసూనకు తెలియలేదు. బట్టల దుకాణం ముందు బస్సు ఆగితే మాత్రం, ముదురు రంగుల వైపు ఒకప్పుడు బాగా తెలిసిన మనిషిని చూసినట్టు చూసేది.

వంట, గిన్నెలు, అత్తగారి మందులు అయ్యాక ఖమ్మం వెళ్లి షబ్రీన్ నడిపే అద్దకం యూనిట్లో పని చేసేది. ఇంట్లో దాన్ని కాలక్షేపం అనేవారు. షబ్రీన్‌ది తాతలనాటి నుంచీ రంగులద్దే కుటుంబం. తను చదువుకుని వచ్చి కొత్తరకం రంగు మొదలుపెట్టింది. మామూలు ఉతుకుకు అది చెక్కుచెదరదు. యూనిట్లో కలిపే ఒక రకం మందునీళ్లలో నానబెడితే మాత్రం పూర్తిగా వదిలిపోయి బట్ట తెల్లగా వస్తుంది. మోజు తీరిన చీరను పారేయకుండా మళ్లీ కొత్త రంగు వేసుకోవచ్చు.

భద్రాచలంలో ప్రదర్శన ఉందని, ఆ రంగు చీర ఎవరైనా కట్టుకుని రావాలని షబ్రీన్ అంది. నీకే రంగు కావాలని అడిగితే ప్రసూన రంగు డబ్బాలన్నీ ఒక్కొక్కటే చూసింది. చివరికి నేరేడు అంది. తెల్ల నూలుచీరను తనే రంగు తొట్టిలో ముంచింది.

ప్రదర్శన రోజు ఉదయం ఇంటినుంచి మీగడరంగు చీరలో వచ్చి యూనిట్లో మార్చుకుంది. పాల్వంచ దాటాక రోడ్డుకు అటూ ఇటూ అడవి పట్టుకుంది. బస్సు అద్దంలో తన మెడ, దాని పక్కన ఆ రంగు కనపడ్డాయి. చామనఛాయ మీద అదెంత నిండుగా ఉందో. ఇన్నేళ్లూ నన్ను నేను ఎవరి కళ్లతో చూసుకున్నాను అనుకుంది. గోదావరి వంతెన ఎక్కినప్పుడు, ఈ బస్సు ఎక్కడా ఆగకుండా ఇట్లాగే పోతే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ప్రదర్శనలో జంపక్క అనే ముసలామె కొంగు అంచు పట్టుకుని, రంగు గురించి ఏమీ అడగకుండా, "మంచిగున్నవ్ బిడ్డా" అంది. ప్రసూన గబుక్కున మొహం తిప్పుకుంది. కళ్లు నిండాయి.

సాయంత్రం యూనిట్‌కు తిరిగొచ్చాక షబ్రీన్ మందునీళ్లు కలిపి, చీర మార్చుకుని ఇమ్మంది. రంగు తీసేసి రేపు ఇంకొకటి వేద్దామంది.

"వద్దు మేడం. నేను గిట్లనే ఇంటికి పోత."

షబ్రీన్ మందునీళ్ల తొట్టి మీద మూత పెట్టేసింది.

ఇంటి గుమ్మంలో ఉదయ్ భాస్కర్ ఫోన్‌లోంచి తలెత్తాడు. లోపల్నుంచి వచ్చిన పద్మావతమ్మ, రెండు ఉతుకులు ఉతికితే వదులుద్దేమోలే అని కొడుక్కి సర్దిచెప్పబోయింది.

"పోతదా ఆ రంగు?" అన్నాడతను.

ప్రసూన చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకుంది.

"పోతది. తియ్యడం నాకొచ్చు. తియ్యను."