ఐదిళ్ళ గ్రైండర్

నేను ఒక గ్రైండర్‌ని. పుట్టింది కోయంబత్తూరులో. నల్లరాతి పొట్ట, లోపల గుండ్రంగా దొర్లే రెండు రాళ్ళు, పైన తళతళలాడే స్టీలు. విజయనగరంలో ఒక దుకాణం అద్దం వెనుక చాలాకాలం నిలబడ్డాను. వచ్చిన ఆడవాళ్ళు నా మూత ఎత్తి చూసి, ధర విని, మూత పెట్టేసి వెళ్ళేవారు. చివరికి నన్ను కొన్న మనిషికి పిండితో పనే లేదు. ఆమెకు కావలసింది నా ఫొటో.

ఆమె సన్యాసమ్మ. జనపనార మిల్లులో పని. భర్త గౌరినాయుడికి గుండె ఆపరేషను. ఆరోగ్య కార్డు మీద కొంత పోగా మిగిలినదానికి పొదుపు సంఘం ద్వారా బ్యాంకు అప్పు అడిగింది. అప్పు పుట్టాలంటే వ్యాపారం పేరు చెప్పాలి. రోగం పేరు పనికిరాదు. సంఘం లీడరు త్రినాథమ్మ "టిఫిన్ల కొట్టు" అని రాయించింది. కొట్టుకు గుర్తుగా ఏదో ఒకటి కనబడాలి కనుక అప్పులో చిన్న ముక్కతో నన్ను కొన్నారు. మిగతాది ఆసుపత్రికి పోయింది.

ఫొటో రోజున నా రాళ్ళ మీద నీళ్ళు చిలకరించి, అంచుకు కాస్త పిండి పూసి, పక్కన సన్యాసమ్మను నిలబెట్టారు.

"నవ్వు వదినా! కొట్టు తెరిసినదానిలా ఉండాల గానీ, మూసీసినదానిలా అలగున్నావేటి?" అంది త్రినాథమ్మ.

ఆ తర్వాత నాకు గిరాకీ పెరిగింది. సంఘంలో ఒకరికి కూతురి కాన్పు కష్టమైంది, ఇంకొకరికి మామగారి కన్ను చెడింది. ఎవరికి అప్పు కావలసినా నన్ను ఆటో ఎక్కించి వాళ్ళ వసారాలో దించేవారు. అలా ఐదిళ్ళలో ఐదు కొట్లు నడిపాను, ఒక్క మినపగింజైనా నలపకుండా. బ్యాంకు మనిషి నన్నెప్పుడూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోవడం కూడా ఒక దయేనేమో.

ఆ అబద్ధంలోంచే సన్యాసమ్మకు నిజమైన ఆశ పుట్టింది. రిటైరయ్యాక వచ్చే పీఎఫ్ డబ్బుతో మిల్లు గేటు ఎదుట నిజంగానే కొట్టు పెట్టాలని. నన్ను తుడుస్తూ భర్తతో అనేది: "షిఫ్టు దిగినోళ్ళకి ఏడేడి ఇడ్లీ. నువ్వు గల్లా కాడ కూకో, సాలు."

"సిల్లర ఎక్కువిచ్చీసి నీ కొట్టు ముంచీగలను," అనేవాడు ఆయన. వెంటనే గొంతు మారేది. "ఆ డబ్బులు మాత్రం నా మందులకి ముట్టుకోకే. అది నీ వొంటి కట్టం."

ఆయన ఆ వానాకాలం దాటలేదు. అప్పు దాటింది.

సన్యాసమ్మ వాయిదాలు ఆగిపోయాయి. సంఘంలో ఒకరు కట్టకపోతే తక్కినవాళ్ళు పంచుకుని కట్టాలి. ఎవరికీ కొత్త అప్పు పుట్టదు. వాళ్ళు ఆమె వసారాలోకి వచ్చేవారు. ఎవరూ అరవలేదు. టీ తాగి, గౌరినాయుడి మంచితనం చెప్పుకుని, లేవకుండా కూర్చునేవారు. ఆ కూర్చోవడమే అడగడం.

సన్యాసమ్మ రిటైరైంది. మిల్లు డబ్బు చేతికి రాగానే బ్యాంకుకు వెళ్ళి బాకీ మొత్తం కట్టేసింది. మిగిలినది ఆసుపత్రినాడు చేబదులిచ్చిన వాళ్ళకు సరిపోయింది.

"కొట్టుకి కొంతైనా ఉంచుకోవలసింది కదా వదినా," అంది త్రినాథమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మీ పిల్లల కంచంలో ముద్ద తీసి నాను కొట్టెలా పెడతానే?"

తర్వాతి మీటింగులో బ్యాంకు మనిషి ఆమెకు శాలువా కప్పాడు. పక్కన నన్నూ పెట్టారు. "చూడండమ్మా, టిఫిన్ల వ్యాపారం చేసి బాకీ ఒక్కసారే తీర్చేశారు! ఎలా చేశారో నాలుగు ముక్కలు చెప్పండి."

వెనుక ఎవరూ నవ్వలేదు. సన్యాసమ్మ మైకు అందుకుని, "కట్టపడ్డాను బాబూ," అని కూర్చుంది. చప్పట్లు మోగాయి.

మర్నాడు పొద్దున్న ఆమె నా మూత తీసింది. నానబెట్టిన గుప్పెడు బియ్యం, చారెడు మినప్పప్పు పోసి స్విచ్ వేసింది. ఫొటోకు కాదు, తినడానికి. ఆనందంతో గిర్రున తిరిగాను. కానీ నా పొట్టను ఒక సంసారానికి కొలిచి చేశారు. ఆ కొద్దిపాటి గింజలు అంచుకు ఎగిరి అతుక్కున్నాయి, రాళ్ళకు అందలేదు. ఆమె నన్ను ఆపి, గింజల్ని వేళ్ళతో కిందికి తోసి, మళ్ళీ వేసింది. మళ్ళీ అంచుకే పోయాయి.

స్విచ్ ఆపేసింది. తర్వాత నలగని గింజల్ని గిన్నెలోకి తీసుకుని, జావ కాచుకోవడానికి లోపలికి వెళ్ళింది.