ఎంక్వైరీకి వచ్చినాయన

బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఖయ్యూమ్ గురించి కొత్తవాళ్ళెవరు అడిగినా జవాబు ఒక్కటే: ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఈ పాఠం వీధికి నేర్పింది ఖయ్యూమ్ తల్లి హాజిరాబీయే. భర్త పోయాక పరుపుల దుకాణం మీద తెచ్చిన ఫైనాన్సు అప్పు కొడుకు నెత్తిన పడింది. వసూలుకొచ్చేవాళ్ళు నడివీధిలో నిలబడి పరువు తీస్తుంటే తట్టుకోలేక, ఆవిడ ఇరుగుపొరుగుని బతిమాలుకుంది. వాళ్ళూ మనసున్నవాళ్ళే. బండికి సంచి తగిలించుకుని ఎవడొచ్చినా వీధంతా ఒక్కటైపోయేది.

ఆ మంగళవారమూ అంతే. తలుపు వెనక నక్కిన హాజిరాబీకి ఎదురింటి చిన్నమ్మలు గొంతు వినబడుతోంది. అబద్ధమాడటంలో చిన్నమ్మలుకి ఆ వీధిలో సాటి లేదు.

“ఆళ్ళా? కాళీ సేసి ఎల్లిపోనారు బాబూ. ఎటెల్లేరో ఎవులికీ తెల్దు. నా సీటీ డబ్బులు కూడా ఎగ్గొట్టేరు!”

వచ్చినాయన ఏదో రాసుకుని బండి తీశాడు. చీటీ లేదు, పాడూ లేదు, ఎంత బాగా అల్లిందో! హాజిరాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఇంతలో ఫోను మోగింది. అచ్యుతాపురం కంపెనీ నుంచి ఖయ్యూమ్.

“అమ్మీ, పోలీసాయన వచ్చేడా? మఫ్టీలో వత్తన్నానని ఇప్పుడే పోన్ సేసేడు. నేవీ ఉద్యోగం ఎంక్వైరీ. ఆయన బాగా రాత్తేనే క్లియరెన్సు.”

నేవీలో వెల్డరుగా సెలక్టయ్యాడు పిల్లాడు. ఆ క్లియరెన్సు ఒక్కటి వస్తే జీతం వస్తుంది, అప్పు తీరుతుంది. దానికి ఇవాళ తన తెలివితేటలే గండి కొట్టాయి! చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

వీధి మలుపులో, టీ కొట్టు దగ్గర దొరికాడాయన.

“బాబుగారూ, ఆగండి! ఖయ్యూమ్ తల్లిని నేనే. మేం ఎక్కడికీ ఎల్లలేదు.”

“ఏటమ్మా, నాతో ఆటలాడతన్నారా?”

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నమ్మలుకి మతి సరిగా లేదంటే సరిపోతుంది. కానీ పాపం, అది తన కోసమే కదా అంత మాట అంది! నోరు రాలేదు.

“మాకు అప్పుంది బాబూ. వసూలోళ్ళకి బయపడి నేనే అలా సెప్పించేను. సీటీ మాట ఉత్తిదే. తప్పు నాది. నా కొడుకు నోటికాడ కూడు తియ్యకండి.”

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“అప్పు సంగతి మీవోడే రాసిచ్చేడమ్మా. నెలనెలా ఎంత కడతన్నాడో రసీదులతో సహా. అప్పున్నోడికి పని ఇవ్వకూడదని కాదు. అప్పు దాచినోడిని ఎవడైనా బెదిరించి లోపలి సంగతులు లాగుతాడని మా బయం. కుర్రోడు దాపరికం లేనోడని సంబరపడి వచ్చేను. తీరా చూత్తే వీధంతా దాపరికమే!”

హాజిరాబీకి ఏడుపు ఆగలేదు. సిగ్గూ, గర్వమూ రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఇంటికి తీసుకొచ్చింది.

“సీటీ ఎగ్గొట్టేరన్నావు?” అన్నాడాయన చిన్నమ్మలుని చూసి.

“ఎగ్గొట్టడమేటి బాబూ! ఇందాక నువ్వు వసూలోడివనుకున్నాను. ఇప్పుడు రాసుకో, ఆ కుర్రోడు బంగారం. సంతకం ఎక్కడెట్టాలో సెప్పు.”

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపిస్తానని, ఆ పైన పెద్దలు చూసుకుంటారని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన కొడుకుని హాజిరాబీ గుమ్మంలోనే నిలదీసింది.

“అప్పు సంగతి రాసిచ్చేవని నాకెందుకు సెప్పలేదురా?”

“సెప్తే రాయనిచ్చేదానివా?”

ఆవిడ కొడుకు తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

“రాయనిచ్చేదాన్ని కాదు బేటా. నాకు సెప్పలేదు కాబట్టే నీకు ఉద్యోగమొత్తాది.”