చాటలో పడ్డ గవ్వలు

ఆట నడిపేవాడి బాధ ఆడేవాళ్లకు ఏనాడూ పట్టదు. వారమంతా దుకాణంలో పప్పులు జోకుతూనే నేను మనసులో ఒక కోట కట్టేవాణ్ణి. దానికొక సొరంగం, సొరంగంలో నీళ్లు, నీళ్ల కింద రాణి దాచిన పెట్టె. ఆదివారం మధ్యాహ్నం నా మొనగాళ్లు వచ్చి, కోట వైపు కన్నెత్తి చూడకుండా, కథలోనే దర్వాజ దగ్గర మేకలు మేపే ముసలాయనతో పొద్దుగూకేదాకా ముచ్చట పెట్టేవాళ్లు. మేక పేరేంటట, అది ఎందుకు కుంటుతోందట. నాకు ఒళ్లు మండిపోయేది.

ఎనభై ఐదు నాటి సంగతి. వరంగల్ చౌరస్తా దగ్గర మా కిరాణా దుకాణం, దాని వెనక మిర్చి బస్తాల గది. నా దోస్తు మల్లికార్జున్ ఇంజనీరింగ్ చదివేవాడు. హాస్టల్లో ఎవరో ఫారిన్ నుంచి తెచ్చుకున్న ఆట పుస్తకం పట్టుకొచ్చాడు. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకడు కథ చెప్పాలి. మిగతావాళ్లు అందులో మనుషులై "నేను తలుపు తీస్తా", "నేను ఉరుకుతా" అనాలి. ఆ తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పుస్తకంలో చెప్పిన వింత పాచికలు హైదరాబాద్‌లో కూడా దొరకలేదు. గవ్వలతో కానిద్దామన్నాను. అన్నీ వెల్లకిలా పడితే కోరింది జరిగినట్టు. అన్నీ బోర్లా పడితే, ఎవరి గురించి వేశామో ఆ మనిషి కథలో చచ్చిపోయినట్టు. కొన్ని ఇటూ కొన్ని అటూ పడితే ఏం జరిగిందో నేనే అల్లి చెప్పాలి. మా దిక్కు గవ్వలు పచ్చీసు ఆడటానికే కాదు, తప్పిపోయిన గొర్రె ఎటు పోయిందో అడగడానికి కూడా వేస్తారు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

పుస్తకంలో చెప్పినట్టు మొదట్లో నేను స్టీలు పళ్లెం అడ్డం పెట్టుకుని గవ్వలు వేసేవాణ్ణి. మల్లికార్జున్ ఊరుకుంటేగా.

"తొండి జేస్తానవ్‌రా పాండు. చాటల వెయ్యి. అందరికి కనబడాలె."

సరేనని మధ్యలో చాట పెట్టాం. మా చెల్లె కళావతి రాక్షసుణ్ణి చంపమంటే "పాపం, వాడేం తిన్నడో" అనేది. చిన్నప్పటి నుంచీ నాతో తిరిగిన రాజమల్లు ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. కథలో ఏ నిధి దొరికినా వాడు మొదట అడిగేది దాని బరువే.

"ఎట్లయినా మోసేది నేనే కద," అనేవాడు.

ఒక ఆదివారం కళావతి రాక్షసుడికి జొన్న గటక పెట్టి మచ్చిక చేసుకుంది. గవ్వలు కూడా దానికే ఒప్పుకున్నాయి. బస్తాల మీద పడి నవ్వాం, మిర్చి ఘాటుకు తుమ్మాం, మళ్లీ నవ్వాం. నేను కట్టిన కోట ఆ రోజు కూడా ఎవరూ చూడలేదు. అయినా అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

ఆ గదిలోనే ఒక మూల రాజమల్లు తల్లి సమ్మమ్మ మిరపకాయల తొడిమెలు తీసేది. ఆమె పెద్ద కొడుకు కట్టయ్య అంతకుముందు ఏడాది ఇంట్లోంచి వెళ్లి మళ్లీ రాలేదు. అడవిలో అన్నల్లో కలిశాడని కొందరు, బొంబాయి మిల్లుల్లో ఉన్నాడని కొందరు. పోలీసులు వచ్చి ఇల్లంతా చిందరవందర చేసి పోయారు, వాళ్లకూ ఏమీ దొరకలేదు. సమ్మమ్మ అందరు చెప్పేదీ వింటూ తొడిమెలు తీసేది.

"నన్ను సుత ఆడనియ్యి కొడుకా," అందొక రోజు.

కథలో ఆమె ఊరూరా తిరిగే ఒక ముసలమ్మ అయింది. మా అందరికంటే బాగా ఆడింది. ఏ ఊరికి పోయినా ముందు బావి దగ్గర కూర్చునేది, నీళ్లకొచ్చే ఆడవాళ్లను పలకరించేది. మల్లికార్జున్ సహా అందరూ చెవులప్పగించి విన్నారు. కథ నడిపేవాడికి ఇంకేం కావాలి? నేను పొంగిపోయాను. ఆమె ఎవరి కోసం తిరుగుతోందో నాకు తెలుసు, అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ఆ మాట రాకుండా తప్పించాలని దారిలో పెద్దపులిని పెట్టాను, దొంగల్ని పెట్టాను. ఆమె అన్నీ దాటుకుని ఏటి ఒడ్డుకు వచ్చింది.

"అవుతల గుడిసె కనబడ్తాందన్నవ్. అండ్ల నా కొడుకు పానంతోని ఉన్నడా?"

"గుడిసెల ఎవరో చిన్న పిలగాడున్నడు, అవ్వా. తొవ్వ తప్పిండట."

"వాడు గాదు. నా కొడుకు సంగతి అడుగుతాన. గవ్వలెయ్యి."

రాజమల్లు తల వంచుకున్నాడు. వేయనంటే ఆమె ఏమనుకుంటుందో అని భయపడ్డాను. ఎన్ని గవ్వలు ఎటు పడ్డా ఏదో ఒకటి అల్లి నెట్టుకు రావచ్చనుకున్నాను. ఒక్కటి వెల్లకిలా పడ్డా చాలు, ఉన్నాడని చెప్పేస్తాను. వేశాను. చాటలో అన్నీ బోర్లా పడ్డాయి.

కళావతి నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, చెయ్యి జారింది. మల్ల వెయ్యి."

"వద్దు బిడ్డా," అంది సమ్మమ్మ. "గవ్వలను ఒక్కసారే అడగాలె. మల్ల మల్ల అడగద్దు."

"అవ్వా, ఇది ఒట్టి ఆట. నేను కల్పిచ్చి చెప్తాన. పొద్దుగాల దుకాణంల కూసోని కల్పిచ్చిన," అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"నువ్వు జెప్పేది కతే కొడుకా. గవ్వలను నువ్వు కల్పియ్యలేదు కద," అంది. గంప ముందుకు లాక్కుని, మిగిలిన తొడిమెలన్నీ తీసి, కొంగు దులుపుకుని ఇంటికి పోయింది.

వారం తిరక్కముందే రాజమల్లు దుకాణానికి వచ్చాడు. కట్టయ్య శవం లేదు కాబట్టి గడ్డితో మనిషిని చేసి కాల్చారట. వద్దని వాడు మొత్తుకున్నా తల్లి వినలేదట. దినానికి రమ్మన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

వెళ్లాను. వెళ్లకుండా ఎట్లా ఉంటాను? సమ్మమ్మ నన్ను బంధువుల పక్కన కూర్చోబెట్టింది. విస్తరిలో తనే అన్నం వడ్డించింది.

"వానికి పెట్టిన బువ్వ పిట్ట జల్ది ముట్టింది కొడుకా," అంది. "రెండు దసరలాయె, నిద్ర లేదు నాకు. తలుపు సప్పుడైతె లేసి కూసునేదాన్ని. నీ పున్నెమాని నిన్న పండుకున్న. తిను."

ఆ ముఖంలో నిజంగానే నెమ్మది కనబడింది. ఆ నెమ్మదిని చూడలేకపోయాను. ఆమె చూస్తోందని విస్తరి ఖాళీ చేశాను. తినకపోతే గవ్వలు అబద్ధమని ఒప్పుకున్నట్టు, తింటే కట్టయ్య పోయాడని ఒప్పుకున్నట్టు. ఆ పూట నాకు ఎటు చూసినా దిక్కు కనబడలేదు.

చేతులు కడుక్కోవడానికి బయటికి వస్తే రాజమల్లు చెంబుతో నీళ్లు పోశాడు. గుండు గీయించుకున్నాడు, నెత్తి మీద అక్కడక్కడ గాట్లున్నాయి.

"పాండు," అన్నాడు మెల్లగా. "రేపు మా అన్న వస్తె, దినమైనోన్ని అవ్వ ఇంట్లకు రానిస్తదారా?"