దీనమ్మ వంతు

ఎనభై మూడు నాటి మాట. అమెరికాలో, చికాగో దగ్గరి నేపర్‌విల్‌లో తెలుగు క్రైస్తవుల ఇళ్లు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు కూడా నిండేవి కావు. సొంత చర్చి లేదు. శనివారం శనివారం ఎవరో ఒకరింట్లో కూడిక, తర్వాత భోజనం. అందరూ గుండ్రంగా కూర్చుని కళ్లు మూసుకుంటే, ఒక్కొక్కరే వరుసగా పైకి ప్రార్థన చేయాలి. ఒకరు ఆమేన్ అన్నాకే పక్కవారి వంతు. అంతదాకా ఇంకొకరు కళ్లు తెరవకూడదు, నోరు మెదపకూడదు. బాపట్ల నుంచి ఆవకాయ జాడీలతో పాటు ఈ పద్ధతినీ జాగ్రత్తగా మోసుకొచ్చారు.

ఆ వరుసలో దీనమ్మ వంతంటే పిల్లలకు హడల్. ఆసుపత్రిలో నర్సు ఆవిడ. మొదలుపెట్టిందంటే జబ్బుపడ్డవాళ్లనీ, వీసా రానివాళ్లనీ, గుంటూరులో పరీక్షలు రాసే మేనల్లుళ్లనీ పేరు పేరునా తలుచుకుని, చివరికి అమెరికా ప్రెసిడెంటును కూడా దీవించి గానీ ఆగేది కాదు. "మా వదిన మొదలుపెట్టేటప్పుడు పాలు తోడేస్తే ఆమేన్ టైముకి పెరుగు రెడీ" అని మణి నవ్వేది. మణి, సంఘపెద్ద రత్నరాజు భార్య.

అలాంటి దీనమ్మకు ప్రార్థన దగ్గర మాట పడిపోయింది. ఎనభై ఒకటి చలికాలంలో భర్త సుందర్ రాజ్‌కు గుండెపోటు వచ్చింది. తను పనిచేసే ఆసుపత్రి వరండాలోనే నిలబడి, గొంతు పోయేదాకా ప్రార్థన చేసింది. ఆయన దక్కలేదు. ఆ తర్వాత డ్యూటీకి వెళ్లింది, కూరలు వండింది, కొడుకును కాలేజీలో దింపి వచ్చింది. ఇవన్నీ చేయగలిగింది. కళ్లు మూసుకుంటే మాత్రం పాత మాటలు అలవాటుగా నాలుక మీదికి వచ్చేవి గానీ, ఒక్కటీ తనది అనిపించేది కాదు. వంతు వచ్చినప్పుడల్లా ఒట్టి ఆమేన్ అని పక్కకు దాటించేసేది. పాపం, దుఃఖం అని ఏడాది ఊరుకున్నారు. రెండో ఏడు కూడా అంతే.

ఆ ఆసుపత్రిలో రోగులను ఓదార్చడానికి ఒక కాథలిక్ సన్యాసిని ఉండేది. ఆరేళ్లు జపాన్‌లో ఉండి, అక్కడి బౌద్ధ భిక్షువుల దగ్గర ధ్యానం నేర్చుకుని వచ్చింది. గురువారం మూడు గంటలకు, డ్యూటీ దిగిన నర్సులు ఆవిడ చుట్టూ ఆసుపత్రి ప్రార్థన గదిలో నేల మీద కూర్చునేవారు.

"మాటలు రాకపోతే పోనివ్వు. ఊపిరి వస్తుంది, పోతుంది. పది దాకా లెక్కపెట్టు. మళ్లీ ఒకటి" అందావిడ.

"ఇది బుద్ధుడి పద్ధతి కదా, సిస్టర్?"

"అవును. నేను యేసు దగ్గర కూర్చోవడానికి వాడుకుంటున్నాను."

దీనమ్మ ఆలోచించింది. పక్కింటి రోలు అడిగి మన గోంగూర నూరుకోవడం లేదూ? కూర్చుంది. మొదటి నెలంతా మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత ఎప్పుడో, లోపల ఎవరో తలుపు తీసి పెట్టినంత నెమ్మది దొరికింది. మాట ఇంకా రాలేదు గానీ, రావచ్చు అనిపించింది.

ఒకనాడు మణిని కార్‌లో ఎక్కించుకుంది. వెనక సీట్‌లో గుండ్రటి నల్ల దిండు కనిపించింది.

"ఇదేంటి వదినా, ఇంత గట్టిగా ఉంది? ఏం కూరారు ఇందులో?"

దీనమ్మకు దాచడం చేతకాదు. అది ధ్యానానికి వేసుకునే దిండని, ఉన్నదంతా చెప్పేసింది. సాయంత్రానికల్లా రత్నరాజు ఫోన్ చేశాడు.

"ఏమమ్మా దీనమ్మా, బుద్ధుడి పీట మీద కూర్చుంటున్నావట?"

"దిండే అన్నయ్యా. కూర్చునేది ప్రభువు దగ్గరే."

"నాకవన్నీ చెప్పకు. శనివారం మా ఇంట్లో కూడిక. అందరి ముందూ నోరు తెరిచి ప్రార్థన చెయ్యి. అది విడిచిపెట్టేశానని దేవుడితో చెప్పు. లేదంటే, ఇకనుంచి స్త్రీల కూడిక విమలకుమారి నడుపుతుంది."

స్త్రీల కూడికను తొమ్మిదేళ్లుగా నడుపుతున్నది దీనమ్మ. అది పోతుందన్న బాధ ఉంది. దానికంటే పెద్ద భయం ఇంకోటి: ఆ వరుసలో ఈసారీ మాట రాకపోతే ఇక ఎప్పటికీ రాదేమోనని.

శనివారం రత్నరాజు ఇంటి బేస్‌మెంట్‌లో కార్పెట్ మీద ఏడుగురు. రత్నరాజు మొదలుపెట్టాడు, ఆమేన్. ఆయన పక్కన కూర్చున్న కృపావరం, ఆమేన్. అలా తిరిగి తిరిగి దీనమ్మ దగ్గరికి వచ్చింది. రత్నరాజు చెప్పమన్న మాటలు నాలుక చివరే ఉన్నాయి. ముందు ఒక్క ఊపిరి, తర్వాత చెబుదాం అనుకుంది. ఒకటి. రెండు.

పది అయింది. మళ్లీ ఒకటి. ఆమేన్ వినపడలేదు కాబట్టి ఎవరూ కదల్లేదు. చికాగో వెళ్లే రైలు కూసి పోయింది. కృపావరం దగ్గు మింగాడు. పైన స్టవ్ మీద చేపల పులుసు ఉందని మణికి తెలుసు, అయినా లేవడానికి లేదు. అటునుంచి వచ్చే రైలు కూడా వచ్చి పోయింది. పులుసు వాసన మాడు వాసనగా మారింది.

అప్పుడు వచ్చింది దీనమ్మకు మాట.

"ప్రభువా, ఆ రోజు నుంచి నీతో మాట్లాడలేదు. కోపం. ఇంకా ఉంది. అయినా వచ్చి కూర్చున్నాను. ఆమేన్."

తర్వాతి వంతు విమలకుమారిది. సిద్ధం చేసుకున్నవన్నీ మరిచిపోయి, ముక్కు ఎగబీల్చి, తనూ ఒట్టి ఆమేన్ అనేసింది. మణి ఒక్క అంగలో మెట్లెక్కింది.

"విడిచిపెట్టానని చెప్పలేదే?" అన్నాడు రత్నరాజు.

"చెబితే అబద్ధం అవుతుంది అన్నయ్యా."

"రత్నరాజుగారూ, ఇరవై నిమిషాలు అందరం అదేగా చేశాం!" అన్నాడు కృపావరం. రత్నరాజు నవ్వలేదు.

"మాటంటే మాటే. స్త్రీల కూడిక విమలకుమారిది."

"అలాగే అన్నయ్యా" అంది దీనమ్మ. బాధ పడింది, పులుసు కూడా తింది. అడుగంటినా పైది బాగానే ఉంది.

ఆపై ఆదివారం ఆడవాళ్లంతా విమలకుమారి ఇంట్లో చేరారు. దీనమ్మ పక్కావిడ ఆమేన్ అంది. దీనమ్మ కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుంది. గది సద్దుమణిగింది. విమలకుమారి కళ్లు తెరవకుండానే గొణిగింది:

"నిదానంగా కానీ అక్కా. ఇవాళ స్టవ్ ఆపేసే కూర్చున్నాను."