ఎడమ చెవి

గ్రేస్ కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే ఒక సంగతి గమనించింది. మామ ప్రకాశరావు ఎక్కడ కూర్చున్నా తన ఎడమ పక్కకు గోడ ఉండేలా చూసుకుంటాడు. ఆ పక్క నుంచి పిలిస్తే పలకడు. కురిచేడు దగ్గరి ఆ పల్లెలో అందరూ దాన్ని మిలిటరీ పొగరు అనుకునేవాళ్లు. దర్శిలో నర్సుగా పనిచేసే గ్రేస్‌కు మాత్రం అది పొగరులా అనిపించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఎడమ పక్కన నిలబడి, “మామా, పప్పు వెయ్యమంటారా?” అని మెల్లగా అడిగింది. జవాబు లేదు. కుడి పక్కకు వచ్చి అదే గొంతుతో మళ్లీ అడిగింది.

“వెయ్యమ్మా.”

“మీకు ఎడమ చెవి వినపడదా మామా?”

ప్రకాశరావు నవ్వాడు. “పదిహేడేండ్లు ఫిరంగుల పక్కన నిలబడినాను. మాతో పనిచేసినోళ్లందరి చెవులూ అట్లనే ఉంటాయి. దానికేంది?”

అత్త పిచ్చమ్మ గరిటె కింద పెట్టేసింది. “నాతో ఒక్కనాడన్నా చెప్పినావా? పిలిస్తే పలకడం లేదని ఎన్నిసార్లు అలిగినానో!”

గ్రేస్ ఆయన మిలిటరీ కాగితాలు అడిగింది. ఇంగ్లీషులో ఉన్న వాటిని ఒక్కొక్కటే చదువుతూ మూడో పేజీ దగ్గర ఆగింది. సర్వీసు వల్ల ఎడమ చెవి వినికిడి ముప్పై శాతం పోయిందని డాక్టరు రాసిన పేజీ అది. కింద ప్రకాశరావు సంతకం ఉంది.

“ఇది మీరు చదవలేదా?”

“ఇంటికి బయలుదేరే రోజమ్మా. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టి రైలెక్కినాను.”

“దీనికి వేరే పెన్షన్ ఉంటుంది మామా. ఇరవై రెండేండ్ల నుంచి రావాల్సింది.”

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. “మిలిటరీ ఆసుపత్రిలో కాలు పోయినోడు నా పక్క మంచం మీదే ఉన్నాడు. చెవి పోయిందని అడగాలంటే సిగ్గుగా ఉంది.”

“మీరు అడిగితే ఆయనకిచ్చేది తగ్గదు గదా!”

దరఖాస్తు పెట్టారు. ఆలస్యమైందని తిరిగి వచ్చింది. ప్రకాశరావు వదిలేద్దామన్నాడు. గ్రేస్ వినలేదు, అప్పీలు రాసింది. చివరికి వైద్య పరీక్షకు పిలుపు వచ్చింది. చప్పుడు చొరబడని గదిలో ఆయన్ను కూర్చోబెట్టి పరీక్షించారు. బయటికి వస్తూనే కోడలిని అడిగాడు.

“ఎడమ చెవిలో ఎప్పుడూ వాన హోరు మాదిరి వినపడతా ఉంటుంది. నీకూ ఉంటుందా అది?”

“లేదు మామా.”

“అందరికీ ఉంటుందనుకున్నానే!” అన్నాడు ఆశ్చర్యంగా.

పదహారు నెలలకు ఆర్డరు వచ్చింది. పెన్షన్ మంజూరైంది కానీ, బకాయి మూడేండ్లకే ఇస్తామన్నారు. పోయిన పంతొమ్మిదేండ్ల మాట తలచుకుని గ్రేస్ ఏడ్చింది. ప్రకాశరావు మాత్రం ఆ ఆర్డరుకు జెరాక్సు తీయించి మర్నాడే గిద్దలూరు బస్సెక్కాడు. తనతో పాటు ఫిరంగుల దగ్గర పనిచేసిన నరసింహులు అక్కడే ఉన్నాడు.

నరసింహులు తన మిలిటరీ కాగితాల కవరు తెచ్చి గుమ్మరించాడు. సగం కాగితాలు చెదలు తినేశాయి, డాక్టరు రాసిన పేజీ లేదు. ప్రకాశరావు గ్రేస్‌కు ఫోన్ చేశాడు. నకలు పంపమని మిలిటరీ రికార్డు ఆఫీసుకు రాయొచ్చని ఆమె చెప్పింది. ఆ సాయంత్రమే మిత్రులిద్దరూ నరసింహులు ఇంటి అరుగు మీద కూర్చుని ఉత్తరం రాశారు.

“నా దాంట్లో ఏం రాసినారో ఏమో!” అన్నాడు నరసింహులు.

రెండు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు.

“పేజీ వచ్చింది ప్రకాశూ! రెండు చెవులూ పోయినాయని రాసినారు!”