అక్లాక్ కూర్చున్న చోటు

పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, మేబెల్ ముందుగా కిటికీలో ఉన్న లాంతరు గాజు తుడిచేది. రాత్రంతా వెలిగి పట్టిన మసి పోయాక అదే గుడ్డతో కిటికీ అద్దం కూడా తుడిచి, కుక్క ఎక్కడ కూర్చుందో చూసేది.

అక్లాక్ చచ్చిపోయి చాలా ఏళ్లయింది. బతికినన్నాళ్లూ అది మంచుబండి లాగే కుక్కలన్నిటికీ ముందు నడిచింది. గడ్డకట్టిన సముద్రం మీద మంచు పలచబడ్డ చోటు వస్తే చాలు, కూలబడేది. ఎంత అదిలించినా లేచేది కాదు. చచ్చాక కూడా ఆ పని మానలేదు. సీలు జంతువుల వేటకు పోయేవాళ్లు మేబెల్ గుమ్మం ముందు ఆగి, "మీ కుక్క ఎంతదూరంలో ఉందమ్మా ఇవాళ?" అని అడిగి, దానికి ఇవతలే వేటాడి వచ్చేవాళ్లు. వచ్చాక ఒక కాలేయం ముక్క గుమ్మంలో పెట్టి పోయేవాళ్లు. అది తినేది కాదనుకోండి, అయినా మర్యాద మర్యాదే కదా.

మేబెల్ భర్త హార్వే ఒక్కడే దాని మాట వినలేదు. అప్పటికి కుక్క బతికే ఉంది. నెల ఫిబ్రవరి. ఫిబ్రవరి మంచు మీద ఇల్లు కట్టుకోవచ్చని వాళ్ల నాన్న చెప్పాడు, తాత చెప్పాడు. "ముసలిదైపోయింది, కాళ్ల నొప్పులు దానికి," అని నవ్వి, కూర్చున్న కుక్కను దాటుకుని పోయాడు. నెలను నమ్మి పోయినవాడు మళ్లీ రాలేదు. శవమూ దొరకలేదు. అప్పటినుంచీ కిటికీలో ఆ లాంతరు.

ఏడాదికేడాది అక్లాక్ ఒడ్డుకు దగ్గరగా జరుగుతూ వచ్చింది. మొదట్లో నల్లచుక్కలా కనిపించేది. తర్వాత చెవులు కనిపించాయి. తర్వాత ఒడ్డు మీదికే వచ్చి చేపలు ఎండేసే పందిరి కింద కూర్చుంది. ఆ ఏడు పందిరి కొట్టుకుపోయింది. గడ్డకట్టాల్సిన రోజుల్లో సముద్రం గడ్డకట్టడం మానేసింది. అలలకు అడ్డు లేదు. గడ్డకట్టి ఎన్నడూ కరగని నేల అడుగున కరిగి, ఒడ్డు తడిసిన బెల్లంలా విరిగిపడుతోంది. మేబెల్, కూతురి కూతురు టెస్సా కలిసి పిండి సంచుల్లో ఇసుక నింపి ఇంటి ముందు పేర్చేవాళ్లు. సముద్రం తీసుకుపోయేది. మళ్లీ నింపేవాళ్లు.

పొరుగున ఉన్న కర్ర ఇళ్లన్నిటినీ ట్రాక్టరుతో ఒడ్డుకు దూరంగా లాగేశాక, మరిది వింటన్ ఆ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు.

"వదినా, గిన్నెలు కట్టు. ఇంటిని లాగేస్తా."

"మీ అన్న వచ్చేసరికి ఇల్లు ఇక్కడ లేకపోతే?"

"అన్న రాడు వదినా. నీ లాంతరు చూసి సీళ్లు వస్తాయి, అంతే."

"రానీ. నువ్వు పంపే వేట వాటాలో ఎప్పుడూ ఎముకలే. సీలే నడిచొస్తే కాస్త కండైనా దొరుకుతుంది."

వింటన్ నవ్వబోయి మానేశాడు. "పిల్లనైనా పంపించు."

"దాని తల్లి గనిలో పని ముగించుకుని వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. కుక్క ఇంకా గుమ్మం బయటే ఉందిగా. లోపలికి రానీ, అప్పుడు చూద్దాం."

మా అలాస్కా ఒడ్డున బండి కుక్కలు ఇంట్లోకి రావు. ఎంత చలికైనా రావు. అది తెలిసే మేబెల్ అంత ధీమాగా అంది. అది తెలిసే వింటన్ కూడా ట్రాక్టరు తిప్పుకుపోయాడు.

అక్టోబరులో తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి చీకటైంది. మేబెల్ లాంతరు వెలిగించి, ఎండుచేప తుంచి సీలు నూనెలో ముంచి టెస్సాకు పెడుతోంది. తలుపు గడియ వేసే ఉంది. అయినా కాళ్లకు చలిగాలి తగిలింది.

"అమ్మమ్మా, కుక్క," అంది టెస్సా.

పొయ్యికీ మంచానికీ మధ్య అక్లాక్ నిలబడి ఉంది. రాకూడని చోటికి వచ్చానని సిగ్గుపడ్డట్టు చెవులు వెనక్కి వాల్చుకుంది. మేబెల్ ముఖంలోకి ఒకసారి చూసి, మెల్లగా కూర్చుంది.

"పోవే. బయటికి పో," అంది మేబెల్ బతిమాలుతున్నట్టు.

అది కదల్లేదు. హార్వే ముందు కూడా ఇట్లాగే కూర్చుని ఉంటుంది. ఆయన నవ్వాడు.

మేబెల్ లేచి టెస్సాకు బూట్లు తొడిగింది.

"నీ లాంతరు అమ్మమ్మా?"

"ఉండనీ. దాని పని దాన్ని చేసుకోనీ."

గాలికి తలలు వంచుకుని ఇద్దరూ బడివైపు నడిచారు. తుఫానుకు ఊరంతా అక్కడే చేరింది. అక్లాక్ ముందు నడుస్తోంది. కొంతదూరం పోయాక వెనక నేల మూలిగింది. తిరిగి చూస్తే ఇల్లు ముందుకు ఒరిగి, కాళ్లు మడిచిన జంతువులా ఒక్క క్షణం ఆగి, నీళ్లలోకి దిగింది. మునగలేదు. కిటికీలో వెలుగు అట్లాగే ఉంది. అలల మీద ఊగుతూ చిన్నదవుతూ పోయి, ఒకప్పుడు అక్లాక్ నల్లచుక్కలా కూర్చున్న చోట కాసేపు నిలబడింది. తర్వాత కిందికి దిగింది.

"ఆయన రాలేకపోయాడు," అంది మేబెల్. "ఇల్లే వెళ్లింది."

వింటన్ పరిగెత్తుకొచ్చి పిల్లను భుజానికెత్తుకున్నాడు. బడి మెట్ల దాకా అందరికంటే ముందు అక్లాక్ చేరింది. అక్కడ ఆగి నేల వాసన చూసింది. గుమ్మంలో నిలబడ్డవాళ్లంతా దాని వెనక కాళ్లవైపే చూస్తున్నారు.

అది ఇంకా నిలబడే ఉంది.