మిల్లు మిట్ట మీద రమణ రాయి

గోదారి మా గూడెం ఇళ్ళ మీదుగా పారిన పెద్ద వరద పోయాక రెండో ఏడు అది. ఎండాకాలం. పర్ణశాల అవతల మిట్ట మీద మూతపడి ఉన్న పామాయిల్ మిల్లుకు దాని యజమాని బాబూరావు కారులో వచ్చాడు. వెంట హైదరాబాద్ షావుకారు. మిల్లు కొని గోదాం చేసుకోవాలని వచ్చినవాడు. ఇద్దరూ రేకులు చూశారు. గోడలు తట్టి చూశారు. ఆవరణలో నిలబెట్టి ఉన్న రాయి దగ్గర ఆగారు.

"ఇదేంటి?" అన్నాడు షావుకారు.

"ఏదో రాయి" అని బాబూరావు దాన్ని చెప్పుకాలితో తన్నాడు.

అది మా రమణ.

మేం కోయవాళ్ళం. మనిషి పోతే ఊరికి అన్నం పెట్టి రాయి నిలబెడతాం. నిలబెట్టిన రాయిని మళ్ళీ ఎవరూ కదిలించరు. రమణ పెళ్ళాం భీమక్క అక్కడే మేకలు కాస్తోంది. పరుగెత్తుకొచ్చింది.

"కాలు తియ్యి సారూ! నా పెనిమిటి ఆడ పండుకున్నడు."

షావుకారు మొహం మారింది. "శవం ఉన్న జాగా నాకొద్దు బాబూరావ్. తీయించు, అప్పుడు మాట్లాడదాం" అని కారెక్కాడు.

ఆ మిట్ట మా తాతలు పోడు కొట్టిన నేల. ఇంటికో కొలువు ఇస్తానని బాబూరావు తీసుకున్నాడు. కొన్నేళ్ళు గెలలు ఉడికాయి, నూనె కారింది. నా కొడుకు శివ బాయిలర్ ఆవిరికి కాలి భద్రాచలం దవాఖానాలో పోయాడు. తాగి పనికొచ్చాడన్నారు మిల్లువాళ్ళు. వాడు తాగడు. ఊరికి అన్నం పెట్టే స్తోమత లేక వాడికి రాయి నిలబెట్టలేకపోయాను.

తర్వాత గెలలు వేరే మిల్లుకు మళ్ళాయి. ఇది మూతపడింది. ఆ మూతపడ్డ మిల్లే వరదలో మమ్మల్ని కాచింది. గూడెమంతా ఆ రేకుల కిందే. రమణ పిల్లల్ని, ముసలివాళ్ళను భుజాన మోసి తెచ్చాడు. ఆఖరి మనిషి కోసం నీళ్ళలోకి దిగినప్పుడు పాము కరిచింది. పడవ పంపమని ఆఫీసర్లకు ఫోన్లు చేశాం. రాలేదు. వల్లకాడు నీళ్ళలో ఉంది. మిల్లు ఆవరణలోనే పూడ్చాం.

ఆ సాయంత్రం గూడెమంతా లారీలు తూచే కాటా మీద కూర్చుంది.

"గోదామొస్తే హమాలీ పనన్న దొరుకుతది. రాయి జర పక్కకు పెట్టుకుంటే ఏం పోయింది?" అన్నారు కుర్రాళ్ళు.

"ఇంటికో కొలువన్నప్పుడు మీ అయ్యలు గూడ గిట్లనే తలకాయలూపిన్రు" అంది భీమక్క. "ఏం మిగిలింది? గేటుకు తాళం. జంపయ్యన్నకు కొడుకే లేకపాయె."

జంపయ్యంటే నేనే.

భద్రాచలంలో డిగ్రీ చదివే మా గూడెం పిల్ల భార్గవి లేచింది. "ఏజెన్సీ భూమి బయటోళ్ళు కొనుడు చట్టమే ఒప్పుకోదు. ఆఫీసుల అర్జీ ఇచ్చొచ్చిన."

"ఏమన్నరు బిడ్డా?"

"చూస్తమన్నరు."

"మా అత్త గూడ గంతే, కోడిని కొయ్యమంటే చూస్తనంటది" అన్నారెవరో. అందరూ నవ్వారు.

కళావతి నవ్వలేదు. ఆమె ఇద్దరు పిల్లల్నీ రమణే మోసుకొచ్చాడు. "మళ్ళ గోదారొస్తే పిల్లల్నెత్తుకొని యాడికి పోదాం?" అంది.

కుర్రాళ్ళు తల దించుకున్నారు. రాయి కదిలితే మిట్ట పోయినట్టేనని అప్పుడు అందరికీ తెలిసింది.

వారం తిరగకముందే బాబూరావు జేసీబీ వెంటబెట్టుకుని వచ్చాడు. నడిపేది ఖమ్మం చాంద్ పాషా. భీమక్క రాయిని కావలించుకుని కూర్చుంది. మేం చుట్టూ నిలబడ్డాం.

"లే అమ్మా, జల్దీ. రాయి కోసం ఏంది లొల్లి?"

"నా పెనిమిటి బిడ్డా."

చాంద్ పాషా ఇంజను ఆపేశాడు. "కబర్ అని చెప్పలేదేంది సార్?"

"కిరాయి తీసుకున్నావ్, పని చెయ్యరా" అన్నాడు బాబూరావు.

"నీ కిరాయి వాపస్ తీస్కో. మా నాయిన గూడ మట్టిలనే ఉన్నడు" అని దిగొచ్చి మా పక్కన నిలబడ్డాడు.

అప్పుడు పోలీసులొచ్చారు. లాఠీలు లేచాయి. భీమక్కను ఈడ్చారు. భార్గవిని, చాంద్ పాషాను కూడా వ్యాన్‌లో పడేశారు. రాయికి గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగారు. నడిమికి విరిగింది. ముక్కలు వాగులో పారేశారు.

"రేపు పొద్దున షావుకారు బయానా ఇయ్యటానికి వస్తాడు. ఎవడైనా గేటు దాటితే లోపలే" అన్నాడు బాబూరావు.

వ్యాన్ కదులుతుంటే జాలీ పట్టుకుని భీమక్క అరిచింది. "అన్నా! రాయినే పీకిన్రు, మనిషిని పీకలే!"

ఆ పూట గూడెంలో ఎవరూ వండుకోలేదు.

తెల్లవారగానే వాగులోకి దిగాను. మా శివ పొడుగు మనిషి. వాడంత పొడుగు రాయి నేను మోయలేను. భుజానికి ఎత్తగలిగింది ఎత్తుకుని, గడ్డపార పట్టుకుని, గూడెం మధ్య నుంచే మిట్ట ఎక్కాను. రమణ రాయి పీకిన చోటు పక్కనే తవ్వి నిలబెట్టాను. గుప్పెడు బియ్యం చల్లి, "శివా" అని పిలిచాను.

గేటు దగ్గర రెండు కార్లు ఆగాయి. బాబూరావు దిగాడు.

"ఏయ్ ముసలోడా, ఎవరిదిరా ఆ రాయి?"

"నా కొడుకుది. నీ మిల్లులనే పోయిండు."

అతను కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. నా వెనక్కి చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను.

వాగు దారిన గూడెం వస్తోంది. చచ్చినవాళ్ళు లేని ఇల్లు లేదు. భుజాన రాయి లేని మనిషి లేడు. హమాలీ పనన్న కుర్రాళ్ళు ముందు నడుస్తున్నారు, రమణ రాయి ముక్కలు మోసుకుంటూ. కళావతి నెత్తిన అన్నం కుండ ఉంది. నా కొడుకు రాయికి ఊరే అన్నం తెచ్చింది.

షావుకారు కారు గేటు దగ్గరే వెనక్కి తిరిగింది. పోలీసు వ్యాన్ కోసం బాబూరావు ఫోన్‌లో కేకలు వేస్తున్నాడు.

నేను గడ్డపార అందుకుని పక్క గుంత తవ్వడం మొదలుపెట్టాను.